గుండెలయ చికిత్సలపై పరిశోధనలు : ఒక విమర్శ

నాడి చూచి రోగమును పసిగట్టుట మన దేశమున తరతరములుగా వచ్చుచున్న విద్య. మణికట్టువద్ద వ్రేళ్ళకు తగులు స్పందనములో వైద్యుడు మొదట గమనించునది వేగము. తరువాత గమనించునది క్రమము. క్రమము తప్పినదని వినగానే రోగి భయపడుట సహజము. దానిని ఎట్లైనను సరిచేయవలెనని వైద్యునకు తోచుటయు సహజమే. కాని గత 40 సంవత్సరములలో గుండెలయపై జరిగిన పెద్ద పరిశోధనలను వరుసగా చదివినవారికి ఈ రెండవ తలంపులో ఎంత ప్రమాదమున్నదో తెలియును. లయ కుదురుట ఒకటి, రోగి బ్రదుకుట మరియొకటి. ఒక పరిశోధన ఈ రెంటిలో దేనిని లెక్కించినదో చూడక దాని ఫలితమును మెచ్చుకొనుటగాని తీసివేయుటగాని తగదు.

ఇందుకు గట్టి నిదర్శనము అమెరికాలో మొదలైన 'కాస్ట్' పరిశోధన. గుండె కొట్టుకొనుటకు మూలమైన విద్యుత్ప్రేరణ కుడి కర్ణిక గోడయందలి సిరాకర్ణికా కణుపులో పుట్టి, క్రమముగా జఠరికలకు ప్రసరించును. గుండెపోటు వచ్చి కండరములో కొంతభాగము చచ్చిపోయినవారిలో జఠరికలు అప్పుడప్పుడు ఆ ప్రేరణ రాకమునుపే తమంత తామే ముడుచుకొనును. ఇట్టి అకాల స్పందనములు ఎక్కువగానున్నవారిలో హఠాన్మరణములు అధికమని వైద్యులు గమనించియుండిరి. స్పందనములను అణచినచో మరణములును తగ్గునని తలచిరి. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అను మందులు వానిని చక్కగా అణచుచుండెను గనుక వాడుకలోనికి వచ్చెను. తర్కములో లోపమేదియు పైకి కనబడలేదు.

పరిశోధకులు మొదట రోగులకు మందునిచ్చి, ఎవరిలో అకాల స్పందనములు అణగినవో వారినే ఏరుకొనిరి. వారిని చీటీలు వేసినట్లు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టునకు మందును, రెండవ జట్టునకు మందులేని ఉత్తమాత్రలను ఇచ్చిరి. మంచి మందును కొందరికి ఇవ్వకుండుట అధర్మమని వాదించిన వైద్యులు ఆనాడు లేకపోలేదు. గణాంక పరీక్షను సైతము, మందు మేలు చేయునా అను ఒక్క దిక్కుననే మొదట తలపెట్టిరి. హాని చేయునేమో యన్న శంక అంతగా లేకుండెను. 1989లో ఈ రెండు మందుల పరీక్షను అర్ధాంతరముగా ఆపవలసివచ్చెను. 1991లో ప్రకటించిన లెక్క ప్రకారము, సగటున 10 నెలల కాలములో మందు జట్టులోని 755 మందిలో 63 మంది, ఉత్తమాత్రల జట్టులోని 743 మందిలో 26 మంది మరణించిరి. ఇ.సి.జి. కాగితముపై గీతలను చక్కపరచిన మందే రెండింతలకు మించి ప్రాణములు తీసినది!

కారణము తరువాత ఊహింపగలిగిరి. ఈ మందులు కండరకణములలోనికి సోడియమ్ ప్రవేశించు ద్వారములను మూసి, విద్యుత్ప్రసారమును మందగింపజేయును. ఆరోగ్యమైన కండరములో దీనివలన పెద్ద చిక్కులేదు. మచ్చపడిన కండరములో, అందును రక్తము చాలనప్పుడు, మందగించిన తరంగము మచ్చచుట్టును సుడివలె తిరుగుటకు వీలు కలుగును. ఆ సుడియే ప్రాణాంతకమగును. అయితే ఈ వివరణ మరణములను లెక్కించిన పిదప వచ్చినదే గాని ముందుగా వచ్చినది కాదు.

ఇక కర్ణికల కంపనము సంగతి. లయ తప్పు జబ్బులలో చికిత్స అవసరమగువానిలో ఎక్కువగా కనబడునది ఇదియే. కర్ణికలు ముడుచుకొనుట మాని, నిమిషమునకు 300 పర్యాయములకు మించి ఊరక అదరుచుండును. ఎడమ కర్ణికకు అంటియున్న చిన్న సంచిలో రక్తము నిలిచి గడ్డకట్టును. ఆ గడ్డ మెదడునకు పోయినచో పక్షవాతము వచ్చును. దీనికి రెండు మార్గములున్నవి. మందులతోనో, విద్యుదాఘాతముతోనో లయను తిరిగి తెచ్చుట ఒకటి. లయను దాని మానాన వదలి, వేగమును మాత్రము తగ్గించి, రక్తము గడ్డకట్టనీయని మందు నిచ్చుట రెండవది. 2002లో వెలువడిన 'ఎఫర్మ్' పరిశోధనలో 4,060 మంది రోగులను ఈ రెండు మార్గములకు పంచగా, లయమార్గమున 356 మంది, వేగమార్గమున 310 మంది మరణించిరి. ఈ వ్యత్యాసము యాదృచ్ఛికము కావచ్చును. కాని లయమార్గము ప్రాణరక్షణలో మిన్న యని చెప్పుటకు మాత్రము ఆధారము దొరకలేదు. లయ కుదిరినదను ధైర్యముతో గడ్డకట్టనీయని మందును మానినవారిలో పక్షవాతములు వచ్చుట ఇందులో ప్రత్యేకముగా గమనింపదగినది. లయ తిరిగివచ్చినదని నాడి చెప్పినది. గడ్డ మాత్రము ఆ మాట వినలేదు.

1998లో ఫ్రాన్సు దేశమున బోర్డో నగరపు వైద్యులు, ఈ కంపనమును రేపు ప్రేరణలు చాలావరకు పుపుస సిరలు ఎడమ కర్ణికలో కలియు చోటనుండి పుట్టుచున్నవని కనుగొనిరి. తొడవద్ద రక్తనాళము గుండ సన్నని గొట్టమును పంపి, ఆ సిరల ముఖద్వారము చుట్టు కణజాలమును కాల్చియో గడ్డకట్టించియో వేరుచేయు 'అబ్లేషన్' చికిత్స దానినుండి వృద్ధిపొందినది. లయను నిలుపుటలో ఇది మందులకంటె మేలని త్వరలోనే తేలినది. మరణములను తగ్గించునా అను ప్రశ్నకు సమాధానముగా 10 దేశములలో 2,204 మందితో 'కబానా' పరిశోధనను నడిపిరి. ఫలితములు 2018లో ఒక సభలో వినిపింపబడి, 2019లో అచ్చైనవి.

కబానా నిర్మాణములోనే కొన్ని బలహీనతలున్నవి. మొదట 3,000 మందిని చేర్చి మరణములను లెక్కింపదలచిరి. రోగులు అనుకొన్నంత వేగముగా చేరకపోవుటచే 2013లో సంఖ్యను తగ్గించి, మరణము, అంగవైకల్యము కలిగించు పక్షవాతము, తీవ్ర రక్తస్రావము, గుండె ఆగుట అను నాలుగింటిని కలిపి ఒకే లెక్కగా మార్చిరి. మార్పు బహిరంగముగా జరిగినది. దానిని మోసమనుట అన్యాయము. కాని రక్తస్రావమునకు గడ్డకట్టనీయని మందుతో నున్నంత సంబంధము అబ్లేషన్‌తో లేదు. దానిని మరణముతో జోడించినందున లెక్కలోని అంకెలు పెరిగినవేగాని అర్థము పలుచబడినది. తుదకు అబ్లేషన్ జట్టులో నూటికి 8.0, మందుల జట్టులో 9.2 చొప్పున ఈ ఘటనలు జరిగినవి. ఈపాటి తేడా యాదృచ్ఛికముగానే రావచ్చును. మరణములు విడిగా చూచినను నూటికి 5.2, 6.1 మాత్రమే.

అసలు వివాదము ఇచటనుండియే మొదలైనది. మందుల జట్టులో నూటికి 27 మందికి పైగా మధ్యలో అబ్లేషన్ చేయించుకొనిరి. అబ్లేషన్ జట్టులో నూటికి 9 మంది దానిని చేయించుకొననే లేదు. కనుక ఎవరు ఏ జట్టులో పడిరి అని గాక, నిజముగా ఎవరు ఏ చికిత్స పొందిరి అని లెక్కించి చూడగా అబ్లేషన్ పొందినవారిలో ప్రమాదము మూడవవంతు తగ్గినట్లు కనబడినది. సభలో ఈ లెక్కకు వచ్చిన ప్రాముఖ్యము మొదటి లెక్కకు రాలేదనుట అతిశయోక్తి కాదు. చికిత్సను నిజముగా పొందినవారిని చూచుటలో తప్పేమని సామాన్య పాఠకునకు తోచవచ్చును. తప్పున్నది. కాలినడకను తిరుమల కొండ నెక్కినవారి ఆరోగ్యమును, మెట్లవద్దనే ఆగినవారి ఆరోగ్యముతో పోల్చి, కొండ నెక్కుటవలననే వీరికి ఆరోగ్యము కలిగినదని చెప్పిన ఎట్లుండును? ఎక్కగలవారే ఎక్కిరి. అట్లే అబ్లేషన్ వరుకు చేరవలెనన్నచో అంతవరకు బ్రదికియుండవలెను, శస్త్రచికిత్సకు తట్టుకొనువాడని వైద్యుడు తలచవలెను. చీటీలు వేసి సమానముగా చేసిన రెండు జట్లను ఈ లెక్క మరల అసమానము చేసినది. చీటీలు వేసిన శ్రమ అంతయు దీనితో వ్యర్థమగును.

అయినను కబానాను వట్టి ఓటమిగా కొట్టివేయువారితో ఏకీభవించుటయు కష్టమే. ప్రత్యేక యంత్రముతో లయను గమనించినవారిలో కంపనము తిరిగి వచ్చినది అబ్లేషన్ జట్టున సగముమందికి, మందుల జట్టున పదింట ఏడుగురికి. ఆయాసము, గుండెదడ, అలసట అబ్లేషన్ పొందినవారిలో బాగుగా తగ్గినవి. రోగికి ఇది చిన్న లాభము కాదు. కాని తనకు ఏ చికిత్స జరిగినదో రోగికి తెలియును. గుండెలోనికి గొట్టము పంపి చేసిన చికిత్స పనిచేసినదని నమ్ముటలో ఆశ్చర్యము లేదు. ఈ శంక తీర్చుటకు ఇంగ్లండు వైద్యులు చేసిన ప్రయోగము 2024లో వెలువడినది. 126 మంది రోగులలో సగముమందికి నిజమైన చికిత్స, మిగిలినవారికి గొట్టము పంపి ఏమియు చేయని ఉత్తుత్తి చికిత్స చేసిరి. ఎవరికి ఏది జరిగినదో రోగికి చెప్పలేదు. చర్మము క్రింద అమర్చిన చిన్న యంత్రము ఆరునెలలు లయను వ్రాసిపెట్టినది. కంపనముతో గడచు కాలము నిజ చికిత్సలో సుమారు నూటికి 60 వంతులు, ఉత్తుత్తి చికిత్సలో 35 వంతులు తగ్గినది. రోగుల బాధయు నిజ చికిత్స పొందినవారిలోనే ఎక్కువగా తగ్గినది. కబానాలో పదునైదింట ఒక వంతైనను లేని ఈ చిన్న పరిశోధన, బాధానివారణ విషయమున కబానాకంటె స్పష్టముగా మాటాడినది.

2020లో ఐరోపానుండి వచ్చిన 'ఈస్ట్' పరిశోధన లయపక్షమువారికి ప్రాణము పోసినది. కంపనము బయటపడి ఏడాది లోపలనున్న 2,789 మందిని చేర్చుకొని, ఒక జట్టునకు మొదటినుండియే లయచికిత్స నిచ్చిరి. హృద్రోగ మరణము, పక్షవాతము, గుండెజబ్బుతో ఆసుపత్రి చేరుట కలిపి ఏడాదికి నూటికి 5.0 నుండి 3.9కి తగ్గినవి. అనగా నూరుమందికి ఏడాదిపాటు లయచికిత్స చేసిన ఒకరికి మేలు. చికిత్సకు సంబంధించిన తీవ్రమైన చిక్కులు నూటికి 4.9 మందికి కలిగినవి. రెండవ జట్టులో 1.4. ఆసుపత్రిలో గడపిన రాత్రుల సంఖ్య ఇంచుమించు సమానమే. మేలున్నది, ఉచితముగా మాత్రము రాలేదు. విచిత్రమేమన, ఈ జట్టులో మొదట విరివిగా ఇచ్చిన మందులలో ఫ్లెకైనైడ్ ఒకటి. కాస్ట్‌లో ప్రాణములు తీసిన మందే ఇది. ఈస్ట్‌లో దానిని గుండెకు మచ్చలేనివారికి ఏరి ఇచ్చిరి. మందు మారలేదు, ఇచ్చిన గుండె మారినది.

ఇప్పుడు చేతి గడియారములే లయను వ్రాయుచుండుటచే, జబ్బు ఎంత ముందుగా కనుగొనిన అంత మేలన్న నమ్మకము ప్రబలినది. డెన్మార్కులో 70 ఏండ్లు దాటిన 6,004 మందితో చేసిన 'లూప్' పరిశోధన ఫలితము (2021) ఈ నమ్మకమును కొంత చల్లార్చును. చర్మము క్రింద యంత్రము పెట్టినవారిలో కంపనము మూడురెట్లు దాపుగా బయటపడినది, మందులును అంతకు తగినట్లు పెరిగినవి. పక్షవాతము మాత్రము నిశ్చయముగా తగ్గినదని చెప్పుటకు వీలులేకపోయినది.

ఎవరి గుండె అను ప్రశ్న మన దేశమునకు మరింత దగ్గరిది. రక్తము గడ్డకట్టనీయని క్రొత్త మందులు వార్ఫరిన్ కంటె మేలని చాటిన పెద్ద పరిశోధనలన్నియు, ద్విపత్ర కవాటము బాగుగా సన్నగిల్లిన రోగులను చేర్చుకొనలేదు. చిన్ననాటి గొంతునొప్పి, కీళ్ళవాతముల వెంట వచ్చు ఈ కవాటరోగము ధనికదేశములలో దాదాపు మాయమైనది. మన ఆసుపత్రులలో ఇంకను సామాన్యమే. వార్ఫరిన్ వేసికొనువారు ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్ష తరచు చేయించుకొనవలెను. పల్లెలో నుండువారికి అది బస్సుఛార్జీ, ఒక రోజు కూలితో కూడినపని. కనుక పరీక్ష అక్కరలేని క్రొత్త మందు వీరికే ఎక్కువ ఉపకరించునని తలచుట సబబే. భారతదేశముతో సహా 24 దేశములలో జరిగి 2022లో వెలువడిన 'ఇన్‌విక్టస్' పరిశోధన ఈ తలంపును తారుమారు చేసినది. రోగుల సగటు వయస్సు సుమారు 50. పదింట ఏడుగురు స్త్రీలు. క్రొత్త మందైన రివరోక్సబాన్ జట్టులో 2,275 మందికి 560, వార్ఫరిన్ తరగతి మందుల జట్టులో 2,256 మందికి 446 చొప్పున మరణములు, పక్షవాతము మొదలగునవి సంభవించినవి. పాత మందే గెలిచినది.

పరిశోధకులు పక్షవాతములను మాత్రమే లెక్కించి ఊరకుండినచో ఈ సంగతి ఇంత స్ఫుటముగా బయటపడియుండదు. తేడాలో అధికభాగము మరణములది. అందును హఠాన్మరణములు, గుండె నీరసించి వచ్చిన మరణములు ముఖ్యమైనవి. రక్తపు గడ్డలకై ఇచ్చిన మందు ఇట్టి మరణములను ఎట్లు ఆపగలిగినదో ఇంకను వివరింపబడలేదు. వార్ఫరిన్ రోగి పరీక్షకై నెలనెల వైద్యునివద్దకు పోవును. ఆ రాకపోకలలో కాళ్ళవాపు, ఆయాసము ముందుగా కంటబడియుండునని కొందరి ఊహ. అదే నిజమైనచో గెలిచినది మందా, నెలకొక మారు వైద్యుని ఎదుట కూర్చుండుటయా? రెండు జట్లను సమానముగా నెలనెల పిలిపించి చూచిన పరిశోధనయే దీనికి సమాధానము చెప్పగలదు.