పిట్ట పక్కన పువ్వునీ రాయండి

పిట్టల్ని చూసి రాసుకునేవారి నోటుపుస్తకంలో ముందు రంగు పడుతుంది, తర్వాత కొలత. చోటు మాత్రం చివర 'అడవి' అనే ఒక్క మాటతో సరి. ఈ వరస తలకిందులని కత్తిముక్కు హమ్మింగ్‌బర్డ్‌ని చూస్తే తెలుస్తుంది. వెనిజులా నుంచి బొలీవియా దాకా, ఆండీస్ కొండల మీద మబ్బు కమ్మిన నాచు అడవుల్లో ఉంటుందిది. ఒళ్లు 10-15 గ్రాములు, ముక్కు సుమారు 10 సెంటీమీటర్లు. తోక వదిలేస్తే ఒంటికన్నా పొడుగు ముక్కున్న పక్షి లోకంలో ఇదొక్కటే. వాలినప్పుడు ముక్కును పైకెత్తి కూర్చుంటుంది. ఈకలు సవరించుకోవడానికి ఆ ముక్కు పనికిరాదు, కాళ్లతో గోక్కోవాల్సిందే. ఇంతవరకే రాస్తే అదొక వింత. పక్కన పాసిఫ్లోరా మిక్స్‌టా తీగ పువ్వుని పెట్టి చూడండి. పొడవాటి గొట్టం, అడుగున తేనె. ఆ ముక్కు ఎందుకో అప్పుడు అర్థమవుతుంది.

పేరు పెట్టడానికి అడవి అక్కర్లేదనేవారున్నారు. నిజమే. లండన్‌లో పక్షి శాస్త్రవేత్త జాన్ గూల్డ్ 1849లో హమ్మింగ్‌బర్డ్‌ల మహాగ్రంథం మొదలుపెట్టాడు. ప్రాణంతో ఉన్న హమ్మింగ్‌బర్డ్‌ని ఆయన తొలిసారి చూసింది 1857లో, అమెరికా వెళ్లాక. అప్పటిదాకా ఎండిన చర్మాలతోనే జాతుల్ని విడదీశాడు. ఆ పని గొప్పదే. కానీ చర్మం ముక్కు ఎంత పొడుగో చెబుతుంది, ఎందుకో చెప్పదు. రంగూ అంతే. ఈ పిట్టల మెరుపు ఈకల్లోని సన్నని పొరల మీద వెలుగు పడి తిరిగే తీరు వల్ల వస్తుంది. కోణం మారితే ఆకుపచ్చ కాస్తా నల్లబడుతుంది. వెలుగుని వదిలేసి ఆ రంగుని రాయలేం.

పిట్టల కోసం వేలాడదీసిన పంచదార నీళ్ల సీసా దగ్గర తీసిన ఫొటోలో అన్నీ కనిపిస్తున్నాయి కదా అని మరో మాట. కానీ ఆ సీసాలో పొట్టి ముక్కు పిట్టా తాగిపోతుంది, పొడుగు ముక్కుకి అక్కడ పనే లేదు. అడవిలో అలా కాదు. ఆండీస్‌లో పాసిఫ్లోరా జాతులు 30కి పైగా పరాగ సంపర్కానికి ఈ ఒక్క పిట్ట మీదే ఆధారపడ్డాయి. వాటి బంధువుల్లో కొన్ని గబ్బిలాల వైపు మళ్లాయి కూడా. అంటే ఈ పొత్తు శాశ్వతం కాదు. మారగలది గనకే రాసి ఉంచాలి.

మన దేశంలో హమ్మింగ్‌బర్డ్‌లు లేవు. పెరట్లో తేనెపిట్టని చూసి ఆ పేరు పెట్టేస్తున్నామంటే రంగూ ముక్కూ మాత్రమే చూస్తున్నామన్నమాట. తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ మీద వాలి తాగుతుంది, హమ్మింగ్‌బర్డ్ గాలిలో నిలబడి తాగుతుంది. ఈసారి రాసేటప్పుడు పువ్వు పేరు ముందు రాయండి, పిట్ట పేరు తర్వాత.