మంటకు ముందు మాట

మన పిల్లలు పదో తరగతి సాంఘిక శాస్త్రంలో హిట్లరు గురించి చదువుతారు. పరీక్షలో అడిగితే బాగానే రాస్తారు. హిట్లరు గొప్ప వక్త, యూదులంటే ద్వేషం, అరవై లక్షల మందిని చంపించాడు. జవాబు తప్పు కాదు, మార్కులు కూడా పడతాయి. కానీ చర్ల మండలంలో పాఠం చెప్పే మాకు ఇంకొక ప్రశ్న మిగిలిపోతుంది. ఒక్క మనిషి గొంతు అంతమందిని ఎట్లా చంపింది? ఆ మాటను ఊరూరికీ మోసింది ఎవరు? విన్నవాళ్లు ఎందుకు నమ్మారు? ఇవి అడగకపోతే హిట్లరు పిల్లలకు కథలో రాక్షసుడిలాగే ఉండిపోతాడు. రాక్షసుడు అన్న పేరు ఎవరు ఎవరికి పెడతారో అడవిలో పుట్టిన మనకు వేరే చెప్పాల్సిన పని లేదు.

1933లో అధికారానికి రాగానే హిట్లరు ప్రభుత్వం ప్రచారం కోసం ఒక మంత్రిత్వ శాఖనే పెట్టింది. దానికి మంత్రి గోబెల్స్. అదే ఏడు సామాన్యుడు కొనగలిగే చవక రేడియోను మార్కెట్‌లోకి తెచ్చారు. 1940లో తీసిన ఒక ప్రచార సినిమాలో యూదులను ఎలుకల గుంపుతో పోల్చి చూపించారు. యూదులతో పాటు రోమా అనే సంచార జాతి జనాన్ని కూడా లక్షల్లో చంపారు. ఆఫ్రికాలోని రువాండాలో 1993లో మొదలైన ఒక రేడియో, టుట్సీ జాతివాళ్లను బొద్దింకలు అన్నది. 1994 ఏప్రిల్ నుంచి వంద రోజుల్లో దాదాపు ఎనిమిది లక్షల మంది చనిపోయారు. చంపేవాళ్లు ఆ చంపడాన్ని 'పని' అనుకున్నారు. పొద్దున లేచి పనికి పోయినట్టే పోయారు. 2003లో ఒక అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఆ రేడియోతో, ఒక పత్రికతో సంబంధం ఉన్న ముగ్గురిని దోషులుగా తేల్చింది. మాట కూడా ఆయుధమేనని ఆ తీర్పు ఒప్పుకుంది.

ఈ రెండు చోట్లా మాట మూడు పనులు చేసింది. ముందు, మనిషికి ఉన్న పేరు తీసేసి వేరే పేరు పెట్టింది. తర్వాత, వాడు నిన్ను చంపడానికి వస్తున్నాడని భయపెట్టింది. చివరికి, వాడిని చంపడానికి ఒక మంచి పేరు పెట్టింది. ఈ కొలతతో మన సరిహద్దుకు అవతల జరిగినదాన్ని చూద్దాం.

2005 జూన్‌లో బస్తర్‌లో సల్వా జుడుం మొదలయింది. ముందు నడిచిన నాయకుడు మహేంద్ర కర్మ. ఆయన ఆదివాసే. కాంగ్రెస్ పార్టీ, అప్పటి శాసనసభలో ప్రతిపక్ష నేత. అండగా నిలిచింది రమణ్ సింగ్ బీజేపీ ప్రభుత్వం. అంటే అక్కడ నియంత ఎవరూ లేడు. ఓట్లతో గెలిచినవాళ్లే, అధికార పక్షమూ ప్రతిపక్షమూ కలిసి, ఒకే మాట మాట్లాడారు. నియంత లేకపోతే ద్వేష ప్రచారం ఉండదనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ముందు ఆ పేరునే విమర్శకు పెట్టాలి. ప్రభుత్వం దాన్ని శాంతి యాత్ర అన్నది, జనం తమంతట తాము చేసిన ఉద్యమం అన్నది. గోండి తెలిసినవాళ్లు దాని అర్థం శుద్ధి వేట అని చెప్పారు. మనకూ వేట తెలుసు. భూమి పండుగకు మన పెద్దలు వేటకు పోతారు. అది జంతువు వేట, దానికీ కట్టుబాట్లుంటాయి. మనుషులున్న ఊళ్ల మీద వేట అన్న మాట వాడినప్పుడు ఆ ఊళ్లో ఉన్నది మనుషులు కాదని ముందే చెప్పినట్టు.

రెండో మాట 'సహాయ శిబిరం'. ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క క్యాంపుల్లో పెట్టారు. చాలా నివేదికల్లో కనిపించే సంఖ్య 644 గ్రామాలు. సహాయం అన్న మాటలోనే చిక్కు ఉంది. క్యాంపుకు వచ్చినవాడు మనవాడు, రానివాడు నక్సలైటు. తన ఇల్లు, తన పోడు, తన పెద్దల రాళ్లు విడిచిపెట్టలేక ఊళ్లోనే ఉండిపోయిన ముసలివాళ్లు కూడా ఆ లెక్కలో శత్రువులే.

మూడో మాట మనల్ని అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టాలి. ఐదో తరగతి చదివిన ఆదివాసీ పిల్లలకు నెలకు 3,000 రూపాయలిచ్చి, తుపాకీ పట్టించి, ప్రత్యేక పోలీసు అధికారులన్నారు. వాళ్లకే 'కోయ కమాండోలు' అన్న పేరు కూడా వచ్చింది. కోయ ఇంటిని కాల్చడానికి పోయిన దండుకు కోయ పేరే పెట్టారు. ఇప్పుడు ఎవరైనా అడిగితే, వాళ్లలో వాళ్లే కొట్టుకున్నారు అంటారు. మన జాతి పేరు ఆ జవాబుకు సాక్ష్యం అయింది.

2011 జులై 5న సుప్రీంకోర్టు ఈ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. నందినీ సుందర్ తదితరులు వేసిన కేసు అది. తీర్పు చెప్పిన ఇద్దరిలో ఒకరు మన తెలుగువారు, జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. ఆఫ్రికాను దోచుకున్న కాలం మీద జోసెఫ్ కాన్రాడ్ రాసిన నవలను ఆ తీర్పు గుర్తు చేసింది. ప్రభుత్వం వాడిన మంచి మాటల కింద ఏముందో చదివింది కాబట్టి మేము దాన్ని మంచి సాహిత్య విమర్శ అని కూడా అంటాం. కానీ అదే ఏడు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కొత్త చట్టం చేసి, ఆ పిల్లలనే వేరే పేరుతో సాయుధ బలగంలోకి తీసుకుంది. కోర్టు కొట్టేసిన మాట పోయింది, పని మిగిలింది.

అవతలి పక్షం మాటను కూడా వదలకూడదు. 'ఇన్ఫార్మర్' అన్న ఒక్క మాటతో మావోయిస్టులు చంపిన ఆదివాసీలు మన మండలాల్లోనూ ఉన్నారు. విచారణ లేదు, సాక్ష్యం లేదు, శవం పక్కన ఒక కాగితం. మహేంద్ర కర్మను 2013 మే 25న జీరం లోయలో చంపారు. ఆయనతో పాటు ఇరవై మందికి పైగా చనిపోయారు. కర్మ మాటలను విమర్శించడమంటే ఈ చావులను సమర్థించడం కాదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. బస్తర్‌లో జరిగింది జర్మనీ, రువాండాలలో జరిగినంతటిది అని మేము అనడం లేదు. జాతి హననం అన్నది బరువైన మాట. ప్రతిదానికీ వాడితే తేలికైపోతుంది. చావుల లెక్క వేరు, ఉద్దేశం వేరు. మాట నడిచిన దారి మాత్రం ఒకటే. ఆ దారిలో మొదటి అడుగు దగ్గరే ఆపాలని మా వాదన.

ఆ మొదటి అడుగు ఇప్పుడు మన జిల్లాలోనే పడుతోంది. జుడుం కాలంలో ప్రాణం అరచేతిలో పెట్టుకుని వేలాది కుటుంబాలు చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం వైపు వచ్చాయి. అంతకుముందు మిరపకాయలు ఏరడానికి వచ్చిన దారిలోనే వచ్చాయి. బస్తర్‌లో మురియాలైన ఆ జనం ఇక్కడికి వచ్చేసరికి 'గుత్తి కోయలు' అయ్యారు. వాళ్లు తమను తాము కోయితూర్ అంటారు. మనమూ అదే అంటాం. కానీ వాళ్లకు ఇంకా చాలా పేర్లు వచ్చాయి. వలసొచ్చినవాళ్లు, అడవి నరికేవాళ్లు, నక్సల్స్‌కు అన్నం పెట్టేవాళ్లు.

2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజి అధికారి హత్య జరిగింది. అది ఘోరం. చేసినవాళ్లను చట్టం శిక్షించాలి. కానీ ఆ తర్వాత బెండాలపాడు గ్రామసభ, ఎర్రబోడు గుత్తి కోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని తీర్మానం చేసింది. నేరం చేసిన చేతులు కొన్ని, శిక్ష పాలింట్లో ఉన్న బిడ్డలకు కూడా. గ్రామసభ మనం పోరాడి తెచ్చుకున్న హక్కు. దాన్ని ఇంకో కోయితూర్‌ను వెళ్లగొట్టడానికి వాడితే, రేపు మనల్ని వెళ్లగొట్టేవాడికి దారి చూపించినట్టే.

అందుకే రాసేవాళ్లకు, చెప్పేవాళ్లకు మా మనవి. మనిషిని వాళ్ల పేరుతోనే పిలుద్దాం. మురియా అంటే మురియా, కోయితూర్ అంటే కోయితూర్. ఒకడు నేరం చేస్తే ఒకడనే రాద్దాం, జాతి పేరు రాయొద్దు. వేట, శుద్ధి, ఏరివేత లాంటి మాటలు ఏ పక్షం నుంచి వచ్చినా, ఎవరిని వేటాడుతున్నారు, ఎవరిని ఏరేస్తున్నారు అని అడుగుదాం. హిట్లరు పాఠం చెప్పినప్పుడు తాలిపేరు అవతల ఊళ్ల పేర్లు కూడా చెబుదాం. బల్ల మీద కూర్చున్నవాళ్లలో ఆ ఊళ్ల నుంచి వచ్చిన బిడ్డలు ఉంటారు. ఆ పాఠంలో వాళ్లను ఏ పేరుతో పిలుస్తామో వాళ్లు వింటూనే ఉంటారు.