ఆ ముగ్గురికీ అందని లేఖ

ఉపగ్రహాలూ డ్రోన్లూ వచ్చాక సరిహద్దులో చీమ చిటుక్కుమన్నా తెలిసిపోతుందని ఈ వారం టీవీ చర్చలో ఒక నిపుణుడు తేల్చేశారు. ఒళ్లు మండింది. నేల మీద తిరిగే మనిషిని మించిన నిఘా లేదన్నది ఈ కాలమ్ ఎప్పటినుంచో పట్టుకున్న మాట. కాదన్నవాళ్లకు తాషీ నామ్‌గ్యాల్‌ను చూపిస్తాను.

ఆయనది కార్గిల్ జిల్లా గార్కోన్. 1999 మే మొదట్లో తప్పిపోయిన యాక్‌ను వెతుక్కుంటూ బతాలిక్ కొండలెక్కాడు. బైనాక్యులర్స్ పెట్టి చూస్తే యాక్ లేదు; ఎవరో మనుషులు మంచు తవ్వుతున్నారు. వెంటనే దిగివచ్చి సైన్యానికి చెప్పాడు. చలికాలంలో ఆ కొండల మీద గస్తీ తిరిగిన మన హెలికాప్టర్లు పసిగట్టలేకపోయిన పాకిస్తాన్ చొరబాటు అది. 2024 డిసెంబరులో ఆయన కన్నుమూస్తే సైన్యం నివాళులర్పించింది.

ఇక్కడితో ఆపితే నా మాటే నెగ్గుతుంది. కానీ కార్గిల్ యుద్ధంపై వేసిన కె.సుబ్రహ్మణ్యం కమిటీ నివేదిక అక్కడితో ఆగనివ్వదు. కార్గిల్‌కు అవతలివైపు కదలికల గురించి ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ) 1998 జూన్‌లోనే లేఖ రాసింది. ప్రధానికీ హోంమంత్రికీ పంపింది. దానితో అసలు పనున్న ముగ్గురికి, అంటే రా అధిపతికి, జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీ ఛైర్మన్‌కు, మిలిటరీ ఇంటెలిజెన్స్ డీజీకి పంపలేదు! చూసినవాళ్లు చూశారు, రాసినవాళ్లు రాశారు. ఏడాది తిరక్కుండానే యుద్ధం వచ్చింది. 527 మంది జవాన్లు నేలకొరిగారు. మన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య వారిలో ఒకరు.

కంటితో చూసినా, కెమెరాతో చూసినా, ఆ కబురు చేరాల్సినవాడికి చేరకపోతే ఒకటే. కబురు అలా చేరడం కోసమే 2001లో మల్టీ ఏజెన్సీ సెంటర్ పెట్టారు. అయినా 2008 ముంబై దాడికి ముందే సముద్రం మీదుగా ముప్పుందన్న హెచ్చరికలు వచ్చి కూడా అక్కరకు రాలేదు.

1998 నాటి ఆ ఐబీ లేఖ సంగతి మనకు తెలిసిందంటే, కొన్ని భాగాలు తీసేసి అయినా నివేదికను 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుంచారు కాబట్టే. ముంబై దాడి తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వం రామ్ ప్రధాన్ కమిటీ వేసింది. కేంద్రం మాత్రం సుబ్రహ్మణ్యం కమిటీ లాంటిది వేయలేదు. ఐబీ, రాలను ఏర్పాటు చేస్తూ పార్లమెంటు చేసిన చట్టమే లేదు. ఆ లోటు తీర్చేందుకు 2011లో ఎంపీ మనీష్ తివారీ తెచ్చిన ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. రహస్యాలు వీధిలో పెట్టమని ఎవరూ అనడం లేదు. ఎవరు ఎవరికి ఎందుకు చెప్పలేదో తలుపులు మూసుకునైనా అడగగలిగే పార్లమెంటు కమిటీ కావాలి, అందులో ప్రతిపక్షం ఉండాలి. ఆ బిల్లును మన తెలుగు ఎంపీల్లో ఎవరైనా మళ్లీ తేవచ్చు. ప్రైవేటు బిల్లు పెట్టడానికి మంత్రి కానక్కర్లేదు.