సంస్కృతి యుద్ధమా, సాక్ష్యమా?
అమెరికా సంఘముల వాదవివాదములపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ప్రస్తావన

2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు డాబ్స్ కేసులో తీర్పునిస్తూ, గర్భస్రావమును రాజ్యాంగ హక్కుగా గుర్తించిన 1973 నాటి 'రో వర్సెస్ వేడ్' తీర్పును రద్దు చేసింది. తరువాత కొన్ని వారములకు నేను మా సంఘములో నిర్గమకాండము 20వ అధ్యాయముపై ప్రసంగిస్తూ, ఒక అమెరికా ప్రసంగీకుని వీడియోలో విన్న వాదనను దాదాపు ఉన్నదున్నట్టుగా అప్పజెప్పాను. ఆరాధన ముగిసిన తరువాత, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒక సహోదరి నా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, మా వార్డుకు వచ్చే అమ్మాయిల్లో సొంత ఇష్టంతో వచ్చేవాళ్ళు ఎంతమంది అనుకుంటున్నారు? అత్తగారు వెంటబెట్టుకుని తీసుకొస్తుంది. మళ్ళీ ఆడపిల్లేనేమో అని ఇంట్లో భయం. ఈరోజు మీరు తిట్టింది ఆ పిల్లనే" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. నేను ఖండించినది తన శరీరముపై సంపూర్ణ హక్కు తనదేనని కోర్టులో వాదించే స్త్రీని. అమెరికా వాదములో ఆమె ఉన్నది. మా బల్లల మీద కూర్చున్నవారిలో ఆమె లేదు. గర్భములోని శిశువు దేవుని సృష్టి అని నేను నమ్మినది తప్పు కాదు. ఆ నమ్మకము పేరిట నా ఎదుట ఉన్న మనుష్యులను గూర్చి నేను చెప్పినది నిజము కాదు.

ఆ దినము నుండి ఒక ప్రశ్న నన్ను వెంటాడుతున్నది. అమెరికా క్రైస్తవులు తమ దేశమును చీల్చుతున్న సమస్యలను ఏ విధముగా వాదించుకుంటున్నారు? ఆ వాదపద్ధతిలో మనము నేర్చుకోవలసినదేమి, విడిచిపెట్టవలసినదేమి? ఈ చర్చకు మూలస్తంభముగా నిలిచిన ఒక గ్రంథమును విమర్శించుటయు, అమెరికా సంఘచరిత్రలోని రెండు వాదములను దాని ప్రక్కన పెట్టి చూచుటయు ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. హంటర్ ప్రతిపాదన

వర్జీనియా విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ డేవిసన్ హంటర్ 1991లో 'కల్చర్ వార్స్' అను గ్రంథమును ప్రచురించారు. పూర్వము అమెరికాలో వైరము ప్రొటెస్టంట్లకు, కాథలిక్కులకు మధ్య, క్రైస్తవులకు, యూదులకు మధ్య ఉండేదనియు, ఇప్పుడు ఆ గీత ప్రతి మతశాఖ లోపలి నుండే సాగుతున్నదనియు ఆయన ప్రధాన వాదన. నైతిక అధికారము మనిషికి వెలుపల, మార్పులేనిదిగా ఉన్నదని నమ్మేవారు ఒక ప్రక్క. ఆ అధికారమును కాలానుగుణముగా, మానవ అనుభవము వెలుగులో తిరిగి అర్థము చేసుకోవాలనేవారు మరియొక ప్రక్క. మొదటివారిని ఆయన సనాతనులని, రెండవవారిని ప్రగతివాదులని పిలిచారు. కుటుంబము, విద్య, కళలు, ప్రసార మాధ్యమములు, న్యాయస్థానములు, ఎన్నికలు ఈ పోరాటమునకు రంగస్థలములని చూపించారు.

ఈ గ్రంథములో విలువైన అంశము ఒకటున్నది. ఇరుపక్షములవారు ఒకరికొకరు ఎందుకు అర్థము కారో హంటర్ చక్కగా వివరించారు. 'హక్కు', 'న్యాయము', 'కుటుంబము' అనే మాటలను ఇద్దరూ వాడతారు గాని, ఆ మాటలకు ఆధారము ఒక్కటి కాదు. పునాదులు వేరైనప్పుడు, గోడల గూర్చి ఎంత వాదించినా ఏకాభిప్రాయము రాదు. దీనికితోడు నాటి ఉత్తరాల ప్రచారములు, ప్రకటనలు, టెలివిజన్ చర్చలు అతిగా మాట్లాడేవారినే ముందుకు తెచ్చి, మధ్యస్థులను కనుమరుగు చేస్తున్నవని కూడా ఆయన గ్రహించారు. నేటి ఫోను తెరల కాలములో ఆ మాట మరింత నిజమైనది.

అయితే పుస్తకము పేరు పుస్తకము చేతి నుండి జారిపోయింది. 1992లో హ్యూస్టన్‌లో జరిగిన రిపబ్లికన్ పార్టీ మహాసభలో పాట్ బుకానన్ అమెరికా ఆత్మ కొరకు సంస్కృతి యుద్ధము జరుగుతున్నదని ప్రకటించారు. పండితుడు వ్యాధికి పెట్టిన పేరు రాజకీయనాయకునికి సమరనినాదమైనది.

2. రెండు శిబిరములలో ఇమడనివారు

హంటర్ ప్రతిపాదనను పలువురు పండితులు ప్రశ్నించారు. అలన్ వుల్ఫ్ 8 శివారు ప్రాంతములలో 200 మంది మధ్యతరగతివారితో మాట్లాడి 1998లో 'వన్ నేషన్, ఆఫ్టర్ ఆల్' వ్రాశారు. స్వలింగ సంబంధముల విషయము మినహాయించి, సామాన్యులు పొరుగువారికి తీర్పు తీర్చుటకు వెనుకాడుతున్నారని ఆయన కనుగొన్నారు. మోరిస్ ఫియోరినా 2004లో వచ్చిన తన గ్రంథములో, చీలిపోయినది నాయకులే గాని ప్రజలు కాదని వాదించారు. వుల్ఫ్, హంటర్ ఇద్దరూ 2006లో ఒకే గ్రంథములో ఎదురెదురుగా తమ వాదనలు వినిపించారు. విభేదించే పండితులు ఒకే అట్టల మధ్య కూర్చొనుట మెచ్చుకోదగినది.

తరువాతి సంఘటనలు ఇరువురినీ కొంత సమర్థించినవి. యునైటెడ్ మెథడిస్టు సంఘములో 2019 నుండి 2023 వరకు అమెరికాలోని సుమారు 7,600 స్థానిక సంఘములు, అనగా దాదాపు నాలుగవ వంతు, విడిపోయినవి. మతశాఖ లోపలనే గీత పడుతుందన్న హంటర్ మాట ఇక్కడ రుజువైనది. మరోవైపు, డాబ్స్ తీర్పు వచ్చిన ఆరు వారములకే, రిపబ్లికన్ పార్టీకి బలమున్న కాన్సాస్ రాష్ట్రములో, గర్భస్రావ హక్కును రాష్ట్ర రాజ్యాంగము నుండి తొలగించే సవరణను సుమారు 59 శాతము ఓటర్లు తిరస్కరించారు. ఓటర్లు శిబిరముల హద్దులు పాటించలేదు.

నా అభ్యంతరము వీటికంటె లోతైనది. నల్లజాతి ప్రొటెస్టంట్ సంఘములను హంటర్ గీత ఎక్కడ నిలబెడుతుంది? బైబిలు అధికారము, ప్రార్థన, పునరుత్థానము అను విషయములలో వారిలో అత్యధికులు సనాతనులే. ఓటు వేయునప్పుడు మాత్రము అత్యధికులు డెమోక్రటిక్ పార్టీ వైపు నిలుస్తారు. శ్వేతజాతి ఇవాంజెలికల్ ఓటర్లలో 2016, 2020, 2024 అధ్యక్ష ఎన్నికలలో ప్రతిసారి సుమారు 80 శాతము డొనాల్డ్ ట్రంప్‌కు ఓటు వేశారు. ఒకే బైబిలు, ఒకే పాటలు, ఒకే బాప్తిస్మము; ఓటు మాత్రము వేరు. ఈ తేడాకు నైతిక అధికారము ఎక్కడున్నదన్న ప్రశ్న జవాబు చెప్పదు. ఎవరి తాతలు అమ్మబడ్డారు, ఎవరి తాతలు కొన్నారు అన్న చరిత్ర చెబుతుంది. ఆ చరిత్రను ప్రక్కన పెట్టి గీచిన పటము అమెరికాకు సరియైన పటము కానేరదు.

3. 1845: మర్యాద సరిపోని వాదము

ఈ చరిత్ర తెలుగు బాప్టిస్టులమైన మనకు పరాయిది కాదు. శామ్యూల్ డే దొర 1836లో మన దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడి మిషను పని చేశారు. ఆయనను పంపిన బాప్టిస్టు మిషను బోర్డే 1844 చివరిలో, బానిసల యజమానిని మిషనరీగా నియమించబోమని అలబామా బాప్టిస్టులకు జవాబిచ్చింది. తత్ఫలితముగా 1845 మేలో జార్జియాలోని అగస్టాలో సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ ఏర్పడినది. మనకు సువార్త తెచ్చిన వృక్షము మన కొమ్మ చిగురిస్తున్న దినములలోనే రెండుగా చీలినది.

ఆ సంవత్సరమే ఇద్దరు బాప్టిస్టు దైవజనుల లేఖలు పుస్తకరూపములో వెలువడినవి. ఒకరు ఉత్తరాన బ్రౌన్ విశ్వవిద్యాలయ అధ్యక్షులు ఫ్రాన్సిస్ వేలాండ్. మరొకరు దక్షిణ కరోలినా కాపరి రిచర్డ్ ఫుల్లర్. లేఖనముల ప్రకారము బానిసత్వము పాపమా కాదా అన్నది వారి వాదము. వేలాండ్ పాపమన్నారు. స్వయముగా బానిసల యజమానియైన ఫుల్లర్, అబ్రాహాము మొదలుకొని అపొస్తలుల పత్రికల వరకు వచనములు చూపి, కాదన్నారు. ఒక్క పరుష వాక్యము లేదు. సహోదర ప్రేమ చెక్కుచెదరలేదు. సంవాదమునకు మాదిరి కావలెనంటే ఇదిగో అనిపిస్తుంది.

అయినను ఆ వాదము ఎవరిని గూర్చి జరిగినదో, ఆ మనిషి అందులో లేడు. బానిస ఆ పుస్తకములో ఒక ప్రశ్న మాత్రమే, మాట్లాడేవాడు కాదు. అదే 1845లో, దాసత్వము నుండి తప్పించుకొనిన ఫ్రెడరిక్ డగ్లస్ తన జీవితకథను ప్రచురించి, క్రీస్తు మతము వేరు, బానిసలను కొట్టే ఈ దేశపు మతము వేరని తేల్చిచెప్పారు. ఇద్దరు పండితులు సభ్యతతో తేల్చలేకపోయినది డగ్లస్ వీపు మీది మచ్చలు తేల్చినవి. సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ తన పుట్టుకలో బానిసత్వమునకున్న పాత్రను ఒప్పుకొని క్షమాపణ కోరునప్పటికి 150 సంవత్సరములు గడిచి, 1995 వచ్చినది.

నేడు అనేకులు అమెరికా వివాదములకు మర్యాదే మందు అంటున్నారు. మర్యాద అవసరమే. అది చాలదని 1845 సాక్ష్యమిస్తున్నది.

అదే కన్వెన్షన్ చరిత్ర మరొక పాఠము నేర్పుతుంది. బలాత్కారము, పిండములో తీవ్రలోపము, తల్లి శారీరక మానసిక ఆరోగ్యమునకు హాని వంటి సందర్భములలో గర్భస్రావమును అనుమతించు చట్టములకై పనిచేయవలెనని 1971లో అది తీర్మానించింది. 1980 నాటికి గట్టిగా వ్యతిరేకించింది. మారుట తప్పని నేననను. అయితే నిన్నటి మన తీర్మానము నేడు ఎదుటివాని నోట వినబడినప్పుడు, వానిని దేవుని శత్రువు అని పిలిచే ముందు కొంచెము ఆగవలెను గదా.

4. 1963: చెరసాల నుండి వచ్చిన జవాబు

1963 ఏప్రిల్ 12న అలబామాకు చెందిన ఎనిమిదిమంది శ్వేతజాతి మతనాయకులు, ఏడుగురు క్రైస్తవులు, ఒక యూదు రబ్బీ, బర్మింగ్‌హామ్‌లో నిరసనలు ఆపవలెనని ప్రకటన చేశారు. వారు ద్వేషించేవారు కారు. శాంతి కావాలన్నారు, ఓపిక పట్టమన్నారు. జైలులో ఉన్న మార్టిన్ లూథర్ కింగ్ ఆ నెల 16వ తేదీతో వారికి జవాబు వ్రాశారు.

ఈ లేఖను సంఘములో న్యాయమునకు మాదిరిగా చదువుతాము. వాదపద్ధతికి మాదిరిగా చదువుట అరుదు. కింగ్ వారిని తోటి సేవకులని సంబోధించారు. వారి ఉద్దేశములలోని మంచిని ఒప్పుకున్నారు. నీవు బయటివాడవు, ఇది సమయము కాదు, చట్టమును మీరుతున్నావు, నీవు అతివాదివి అను ఆరోపణలను ఒక్కొక్కటిగా, వక్రీకరించకుండ, ముందుగా వారి పక్షముగా చెప్పి తరువాత జవాబిచ్చారు. బయటివాడవన్న మాటకు మాసిదోనియ పిలుపునందుకున్న పౌలును చూపారు. చట్టము విషయములో అగస్టీను, అక్వినాసులను సాక్షులుగా పిలిచారు. అయితే ఎక్కడా మధ్యేమార్గము పట్టలేదు. ద్వేషించేవారికంటె, న్యాయముకన్న నెమ్మదిని ఎక్కువగా కోరే మితవాదులే తనకు పెద్ద నిరాశ కలిగించారని వారి ముఖముననే చెప్పారు.

వేలాండ్, ఫుల్లర్‌ల లేఖలలో లేనిది ఇక్కడ ఉన్నది. ఎవరిని గూర్చి వాదము జరుగుతున్నదో ఆయనే మాట్లాడుతున్నారు. యుద్ధములో లేనిది కూడ ఇక్కడ ఉన్నది. ఎదుటివాని మాట ఎదుటివాడే గుర్తుపట్టేటట్లు చెప్పబడినది.

పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదన్న ఆజ్ఞను లూథరన్ సంఘములు ఎనిమిదవదిగాను, బాప్టిస్టులమైన మనము తొమ్మిదవదిగాను లెక్కిస్తాము. పొరుగువాని పక్షముగా మాట్లాడవలెననియు, అతని క్రియలకు సాధ్యమైనంత మంచి అర్థము చెప్పవలెననియు లూథర్ తన చిన్న ప్రశ్నోత్తరిలో ఈ ఆజ్ఞను వివరించారు. గుంటూరు మండలములో పిల్లలు సైతము దీనిని కంఠస్థము చేస్తారు. పొరుగువాని వాదన కూడా పొరుగువాని సొత్తే. దానిని వికృతపరచి గెలిచినవాడు సత్యము కొరకు పోరాడినా అబద్ధసాక్షియే. వినకముందే ప్రత్యుత్తరమిచ్చువానిని గూర్చి సామెతలు 18:13, రెండవ పక్షము వచ్చు వరకే మొదటి పక్షము న్యాయముగా కనబడుననుటను గూర్చి 18:17 మనకు తెలిసినవే.

5. మన ఇంటికి వచ్చిన వాదము

అమెరికా వివాదములలో మనవారు నేరుగా కక్షిదారులైన సందర్భము కులము. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర కౌన్సిలు కులవివక్షను నిషేధించింది. అమెరికాలో అట్లు చేసిన మొదటి నగరము అదే. కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన ఇటువంటి బిల్లును ఆ సంవత్సరము అక్టోబరు 7న గవర్నరు న్యూసమ్, ప్రస్తుత చట్టములే చాలునని చెప్పి తిరస్కరించారు. అక్కడి తెలుగు కుటుంబములు ఈ విషయములో ఇరుప్రక్కల ఉన్నాయి.

వ్యతిరేకించినవారి వాదన ఇది: కులము పేరు పెట్టి చేసిన చట్టము ఒకే సమాజమును వేలెత్తి చూపుతుంది, దక్షిణాసియా పేరున్న ప్రతివానిపై యజమానికి అనుమానము కలిగిస్తుంది. ఇది అల్పమైన భయము కాదు. పరదేశములో జీవించేవారికి సహజమైనదే. అయినను నేను అటువంటి చట్టమును సమర్థిస్తాను. ఉద్యోగములోను, అద్దె ఇంటిలోను కులము అడ్డుపడినవాడు మాట్లాడినప్పుడు, ఆ గాయమునకు పేరు లేకపోతే ఫిర్యాదుకు కూడా చోటుండదు. మాలపల్లెలలో, మాదిగపల్లెలలో సువార్త విన్న ప్రజల మనుమలము మనము. ఈ వాదములో మౌనము మనకు తగదు. అయితే క్రైస్తవ పెండ్లి సంబంధముల ప్రకటనలలో నేటికీ కులము అచ్చవుతుండగా, పరుల కంటిలోని నలుసును మాత్రమే చూపుట కూడా మనకు తగదు (మత్తయి 7:3-5).

ముగింపు

హంటర్ 2010లో వ్రాసిన 'టు చేంజ్ ద వరల్డ్'లో, అధికారము ద్వారా లోకమును మార్చాలనుకొనే క్రైస్తవులను, కుడి ఎడమల తేడా లేకుండా విమర్శించి, నమ్మకమైన సన్నిధిని, అనగా ఉన్నచోట విశ్వాస్యతతో జీవించుటను సూచించారు. అది మంచి మాట. దానికి నేను ఒకటి చేర్చగోరుతున్నాను. సన్నిధిగా ఉండుట అంటే ఎవరిని గూర్చి వాదిస్తున్నామో వారి ప్రక్కన కూడా ఉండుట.

మన దేశములో గర్భస్రావమునకు 1971 నాటి చట్టము, 2021 సవరణ ఉన్నాయి; లింగనిర్ధారణను నిషేధించే 1994 చట్టము కూడా ఉన్నది. ఈ చట్టముల నడుమ నలిగే స్త్రీని గూర్చి ప్రసంగించుటకు అమెరికా వీడియో నాకు సహాయపడలేదు. కొంతకాలమునకు అదే వాక్యభాగమునుండి మరల ప్రసంగించాను. ఈసారి ముందుగా ఆ సహోదరి ఇంటికి వెళ్ళి, చాలాసేపు విన్నాను. శిశువును గూర్చి నా ఉపదేశము మారలేదు. ఆ దినము నేను గద్దించినది అత్తమామలను, భర్తలను, ఆడపిల్ల పుడితే స్తోత్రము చెప్పుటకు సంకోచించే మన సంఘమును. కొందరికి కోపము వచ్చినది. ఆ సహోదరి మాత్రము ఆమేన్ అన్నది.