ఊరు ఒక జిల్లాలో, స్టేషను మరొక జిల్లాలో: నూజివీడు రైలు ప్రయాణం – పాలనా పరిధులపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

నూజివీడు పేరు మోస్తున్న రైల్వేస్టేషను నూజివీడులో లేదు. 2022 జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత అది నూజివీడు ఉన్న జిల్లాలో కూడా లేదు. ఈ ఎడాన్ని ఆధారం చేసుకొని, నగరాల మధ్య ప్రయాణికుల రైళ్ల విషయంలో నిర్ణయాధికారం ఎవరి చేతిలో ఉన్నది, ఆ అధికారాన్ని గురించి తెలుగులో మనం మాట్లాడుకుంటున్న తీరు ఎలా ఉన్నది అనే రెండు అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రైల్వేజోన్ చర్చ రైలు వేళల చర్చను మింగివేసిందన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: నూజివీడు, హనుమాన్ జంక్షన్, రైల్వేజోన్, హాల్టు, టైంటేబులు, ప్రాంతీయ ప్రణాళిక.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట కొన్ని స్టేషన్ల పేర్ల చివర 'రోడ్' అనే మాట కనిపిస్తుంది. ఆమదాలవలసలో ఉన్న స్టేషనుకు శ్రీకాకుళం రోడ్ అని పేరు. కొత్తగూడెంలో ఉన్న స్టేషనుకు భద్రాచలం రోడ్ అని పేరు. ఈ 'రోడ్' అనే చిన్నమాటలో ఒక నిజాయితీ ఉన్నది. ఇది ఊరు కాదు, ఊరికి దారి మాత్రమే, మిగిలిన దూరం మీరే చూసుకోవాలి అని అది ప్రయాణికుణ్ణి ముందే హెచ్చరిస్తుంది. నూజివీడు స్టేషనుకు ఆ మాట కూడా లేదు. విజయవాడ నుంచి ఏలూరు వైపు వెళ్లే ప్రధానమార్గంలో, తేలప్రోలుకూ వట్లూరుకూ నడుమ, హనుమాన్ జంక్షన్ చేరువలో బోర్డుమీద 'నూజివీడు' అని రాసి ఉంటుంది. ఆ బోర్డును నమ్మి దిగిన కొత్తవానికి పట్టణం ఇంకా పదిహేను కిలోమీటర్లకు పైగా ఉత్తరాన ఉన్నదని స్టేషను బయటికి వచ్చిన తరువాతే తెలుస్తుంది.

రసాలకు పేరుపడ్డ ఊరు కాబట్టి ఆ పేరు అంతదూరం నడిచి పట్టాల దగ్గరికి వచ్చింది. ఊరివాళ్లు మాత్రం బస్సెక్కి రావాలి.

2. మార్గం, పరిధులు:

ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893–96 మధ్యకాలంలో కటకం నుంచి బెజవాడ దాకా మార్గాన్ని తెరిచింది. 1900లో రాజమహేంద్రవరం వద్ద గోదావరి వంతెన సిద్ధమైంది. బెజవాడ, ఏలూరు నడుమ పట్టాలు డెల్టా అంచున దాదాపు తిన్నగా సాగాయి. మెరకప్రాంతంలో ఉన్న నూజివీడు జమీందారీ కేంద్రం ఆ గీతకు ఉత్తరాన మిగిలిపోయింది. ఆ తరువాత మార్గం మీద అధికారం చాలాసార్లు చేతులు మారింది. దక్షిణభాగం 1901లో మద్రాసు రైల్వే చేతికి వచ్చింది. 1908 నుంచి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, 1951లో దక్షిణ రైల్వే, 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వే దీనిని నడిపాయి. 2019 ఫిబ్రవరి 27న విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వేజోన్‌ను ప్రకటించి, విజయవాడ డివిజన్‌ను అందులో చేర్చారు. మద్రాసు, సికింద్రాబాదు, విశాఖపట్నం: ఏ కాలంలో చూసినా నూజివీడు స్టేషనులో ఏ బండి ఆగాలన్న నిర్ణయం ఆ బండి ఎక్కేవారికి బహుదూరంలోనే జరిగింది.

ఇది రైల్వే పరిధి. రెవెన్యూ పరిధి మరొకటి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు అమలులోకి వచ్చినప్పుడు పాత కృష్ణాజిల్లాలోని నూజివీడు ఏలూరు జిల్లాలో చేరింది. స్టేషను ఉన్న బాపులపాడు మండలం మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణాజిల్లాలోనే ఉండిపోయింది. లోక్‌సభ నియోజకవర్గాలను చూస్తే ఈ ఎడం అంతకు ముందునుంచే ఉన్నది. నూజివీడు శాసనసభ స్థానం ఏలూరు లోక్‌సభ పరిధిలోనిది. బాపులపాడు మండలం గన్నవరం శాసనసభ స్థానం ద్వారా మచిలీపట్నం లోక్‌సభ పరిధిలోనిది. అనగా నూజివీడు ప్రయాణికుడు ఓటువేసి పంపిన పార్లమెంటు సభ్యునికి నూజివీడు స్టేషను తన నియోజకవర్గంలోనిది కాదు. ఎవరి నియోజకవర్గంలో స్టేషను ఉన్నదో ఆయనకు నూజివీడు పట్టణం తన ఓటర్ల ఊరు కాదు. హాల్టు కోసం వినతిపత్రం పట్టుకొని వెళ్లేవారు ముందుగా తేల్చుకోవలసిన చిక్కు ఇదే.

మూడవది రోడ్డు పరిధి. రైల్వేలు రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్రజాబితాలో 22వ అంశం. స్టేషనునుంచి పట్టణానికి తీసుకువెళ్లే బస్సు రాష్ట్రప్రభుత్వానిది. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ప్రజారవాణాశాఖలో భాగమయ్యారు. రైలు వచ్చే వేళకు బస్సు ఉండాలని కోరదలచినవాడు ఎవరిని అడగాలి? డివిజనల్ రైల్వే వినియోగదారుల సంప్రదింపుల కమిటీ ఉన్నది కాని, దాని పని సలహా చెప్పడం వరకే. అందులో బస్సుల మాట ఎత్తితే అది తమ పరిధి కాదనే జవాబు వస్తుంది. బస్సు డిపోలో రైళ్ల మాట ఎత్తినా అంతే. ఈ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టే బాధ్యత ఏ చట్టమూ ఎవరికీ అప్పగించలేదు.

3. అడిగే భాష, ఇచ్చే భాష:

తెలుగు బోధించేవాళ్లకు ఈ విషయంతో ఏమి పని అని చదువరులు అనుకోవచ్చు. పని ఉన్నది. పరిపాలనను గురించి ఒక సమాజం ఏ క్రియాపదాలతో మాట్లాడుతున్నదో గమనించడం కూడా విమర్శకుని పనే. రైళ్లను గురించిన తెలుగు వార్తలను, వినతిపత్రాలను వరుసగా చదివితే ఒక వ్యాకరణం బయటపడుతుంది. కొత్త రైలు 'మంజూరు' అవుతుంది. హాల్టు 'సాధించబడుతుంది'. పండుగకు ముందు ప్రకటిస్తే అది 'కానుక' అవుతుంది. వినతిపత్రంలో 'ఇప్పించాలి', 'ఆపించాలి' అనే ప్రేరణార్థక క్రియలే ఎక్కువ. ప్రేరణార్థకంలో కర్త ఎప్పుడూ మరొకడే. అడిగేవాడు ఒకరిని అడుగుతాడు, ఆ ఒకరు ఇంకొకరి చేత చేయించాలి. ఇదంతా దేవిడీముందు దరఖాస్తు పట్టుకొని నిలబడిన కాలంనాటి వాక్యనిర్మాణం. నూజివీడువంటి పాత జమీందారీలో ఆ వాసన ఇంకా మిగిలి ఉండడం వింతేమీ కాదు.

అవతలినుంచి వచ్చే భాష దీనికి సరిగ్గా అద్దంలాంటిది. 'సాధ్యాసాధ్యాలు పరిశీలిస్తాం', 'నిర్వహణపరంగా వీలుపడదు' అనే వాక్యాలలో ఎవరు పరిశీలిస్తారో, ఎప్పటిలోగా పరిశీలిస్తారో, ఏ లెక్కప్రకారం వీలుపడదో ఉండదు. కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదని మనం విద్యార్థులకు పాఠం చెబుతాం. కార్యాలయాల తెలుగులో అది సహజం కావడానికి కారణం ఉన్నది: అక్కడ కర్త కనబడకపోవడమే అవసరం.

ఈ వ్యాకరణమే పెద్ద ఎత్తున రైల్వేజోన్ చర్చలోనూ కనిపించింది. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం పదమూడవ షెడ్యూలులో రైల్వేకు సంబంధించి చెప్పుకోదగ్గ అంశాలు రెండున్నాయి. ఆరు నెలల్లోగా కొత్త జోన్ ఏర్పాటును పరిశీలించాలన్నది ఒకటి. కొత్త రాజధానినుంచి హైదరాబాదుకు, తెలంగాణలోని ఇతర ముఖ్యనగరాలకు వేగవంతమైన రైలు, రోడ్డు సంబంధాలు కల్పించాలన్నది రెండవది. మొదటిది పరిపాలనా కేంద్రాన్ని గురించినది, రెండవది ప్రయాణాన్ని గురించినది. ఉద్యమాలు, సంపాదకీయాలు, శాసనసభ చర్చలు ఎక్కువగా మొదటిదాని చుట్టూనే తిరిగాయి. అది 'ఆత్మగౌరవం' మాటగా మారింది. వాల్తేరు డివిజన్ ఉంటుందా, పోతుందా అన్నది సంవత్సరాల తరబడి పతాకశీర్షిక అయింది. జోన్ అవసరం లేదని ఈ వ్యాసకర్త అనడం లేదు. ఆదాయం, ఉద్యోగాలు, నియామకాల దృష్ట్యా దాని విలువ దానికున్నది. అయితే జోన్ వస్తే విజయవాడ, ఏలూరు నడుమ ఉదయం ఎన్ని బండ్లు ఏయే వేళల్లో నడుస్తాయి అనే ప్రశ్న ఆ చర్చలో ఎక్కడా ప్రధానం కాలేదు. కార్యాలయం ఎక్కడ ఉండాలన్న దానికి పెట్టిన శ్రద్ధలో కొంతయినా బండి ఎక్కడ ఆగాలన్న దానికి పెట్టి ఉండవలసింది.

4. హాల్టు లెక్కలోని లోపం:

ఎక్స్‌ప్రెస్ బండికి కొత్త హాల్టును రైల్వేలు తరచుగా 'ప్రయోగాత్మకంగా' ఇస్తాయి. కొంతకాలం తరువాత ఆ స్టేషనులో టిక్కెట్ల అమ్మకం, ఆదాయం చూసి కొనసాగించాలో వద్దో నిర్ణయిస్తాయి. పైకి ఇది న్యాయమైన పద్ధతి. ఒక బండిని ఆపి మళ్లీ వేగం అందుకోవడానికి నిమిషాలు పోతాయి. చెన్నై–హౌరా వంటి రద్దీమార్గంలో ఒక బండి పోగొట్టుకున్న నిమిషాలు వెనుక వచ్చే బండ్లమీద పడతాయి. ప్రతి సూపర్‌ఫాస్ట్ ప్రతి స్టేషనులో ఆగాలనడం రైలును బస్సు చేయడమే. ఈ వాదనలో బలం ఉన్నది, ఒప్పుకోవాలి.

లోపం లెక్కించే చోట ఉన్నది. నూజివీడులో 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉన్నది. మనం ట్రిపుల్ ఐటీ అని పిలుచుకునేది అదే. అనేక జిల్లాల గ్రామీణ విద్యార్థులు అక్కడ చదువుకుంటున్నారు. సెలవులకు శ్రీకాకుళం వైపు వెళ్లవలసిన విద్యార్థి ఏమి చేస్తాడు? తూర్పుకు పోవలసినవాడు పడమటి వైపు తిరిగి, విజయవాడకు బస్సులో వెళ్లి, అక్కడ రైలెక్కి, మళ్లీ నూజివీడు స్టేషను మీదుగానే తూర్పుకు పోతాడు. అతని టిక్కెట్టు విజయవాడ లెక్కలో పడుతుంది. హాల్టు లేనందువల్ల నూజివీడులో టిక్కెట్టు తెగదు, టిక్కెట్టు తెగనందువల్ల హాల్టు రాదు. ఈ వలయంలో ప్రయాణికుడు ఉన్నాడు గాని లెక్కలో లేడు. మా తరగతిలోని పిల్లలు విశాఖలో పోటీపరీక్ష ఉన్నరోజున ముందునాటి సాయంత్రమే విజయవాడ చేరి ప్లాట్‌ఫారం మీద రాత్రి గడపడం ఈ వ్యాసకర్తకు తెలిసిన విషయం. ఆడపిల్లలయితే వెంట ఒక అన్నో తండ్రో వెళ్లవలసి ఉంటుంది. అంటే ఒక ప్రయాణానికి రెండు టిక్కెట్లు, ఒకరి కూలి నష్టం.

కోవిడ్ అనంతరం ఈ లెక్క మరింత బిగిసింది. పాసింజరు బండ్లను ఎక్స్‌ప్రెస్ స్పెషళ్లుగా మార్చి కనీసచార్జీ పెంచారు. పాత సాధారణ చార్జీలు తిరిగి అమలయ్యే సరికి 2024 ఫిబ్రవరి అయింది. అన్ని స్టేషన్లలో ఆగే బండి మీద ఆధారపడేవారే ఈ మార్పుకు ఎక్కువ మూల్యం చెల్లించారు. ఆ నిర్ణయం తీసుకున్నప్పుడు గాని, వెనక్కి తీసుకున్నప్పుడు గాని రాష్ట్రప్రభుత్వానికి చేసేదేమీ లేకపోయింది.

మామిడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి తోటలనుంచి కాయ కదులుతుంది. బంగినపల్లి కొంత ప్రయాణానికి ఓర్చుకుంటుంది. చిన్నరసం ఓర్చుకోదు. ఒకటి రెండు నిమిషాల హాల్టులో పార్సిల్ వ్యాన్‌లోకి బుట్టలు ఎక్కించడం అయ్యేపని కాదు. అందువల్ల కాయ లారీ ఎక్కుతుంది. నూజివీడు పేరుపెట్టుకున్న స్టేషను ముందునుంచే ఆ లారీలు జాతీయరహదారి పట్టుకొని పోతాయి.

5. ఇతర అనుభవాలు:

రాష్ట్రం, కేంద్రం కలిసి రైలు నడిపిన అనుభవం తెలుగువారికి కొత్తది కాదు. 2003లో హైదరాబాదులో మొదలైన ఎంఎంటీఎస్ రైల్వే, ఉమ్మడి రాష్ట్రప్రభుత్వం ఖర్చు పంచుకొని నిర్మించినది. రెండవ దశలో వాటా చెల్లింపుల వివాదం ఆలస్యానికి కారణమైంది. నడికుడి–శ్రీకాళహస్తి, కోటిపల్లి–నరసాపురం మార్గాలలోనూ రాష్ట్రం వాటా ఇవ్వాలన్న షరతు ఉన్నది, అక్కడా జాప్యం తప్పలేదు. ఈ ఉదాహరణలలో ఒక సామ్యం కనిపిస్తుంది. రాష్ట్రానికి ఖర్చులో వాటా ఉన్నది గాని, పట్టాలు పడిన తరువాత వాటిమీద ఏ వేళకు ఏ బండి నడవాలన్న దానిలో వాటా లేదు. డబ్బు అడిగే ఒప్పందంలో వేళలు అడిగే హక్కు రాసుకోలేదు.

జర్మనీలో 1996 జనవరి నుంచి ప్రాంతీయ ప్రయాణికుల రైళ్ల బాధ్యత అక్కడి రాష్ట్రాలకు వెళ్లింది. కేంద్రం నిధులు ఇస్తుంది. ఏ మార్గంలో గంటకు ఎన్ని బండ్లు నడవాలో రాష్ట్రాలు నిర్ణయించి, నడిపే సంస్థతో ఒప్పందం చేసుకుంటాయి. స్విట్జర్లాండ్ మరొక మెట్టు పైకి వెళ్లింది. 1987లో ప్రజాభిప్రాయ సేకరణలో ఆమోదం పొంది, 2004 డిసెంబరులో పూర్తిగా అమలైన అక్కడి పథకంలో ముందు టైంటేబులు రాసుకొని, దానికి తగినట్లు ఎక్కడ పట్టాలు వేయాలో తరువాత నిర్ణయించారు. ప్రధాన స్టేషన్లలో బండ్లు దాదాపు ఒకేవేళకు కలుస్తాయి, బయట బస్సు ఆ వేళకు సిద్ధంగా ఉంటుంది. మన దేశంలోనే ఢిల్లీ–మీరట్ మార్గం కోసం కేంద్రమూ నాలుగు రాష్ట్రాలూ కలిసి ఒక సంస్థను పెట్టుకున్నాయి, 2023 అక్టోబరులో దాని తొలిబండి కదిలింది. అయితే అది మహానగరపు ధనబలం మీద నిలిచిన ఏర్పాటు. నూజివీడువంటి మధ్యతరహా పట్టణానికి దానిని నమూనాగా చూపడం అతిశయోక్తి అవుతుంది. స్విస్ పద్ధతి అంతకంటే దగ్గర. దాని మొదటి మెట్టుకు కావలసింది కాగితం, కలం, రెండు శాఖల అధికారులు ఒక బల్లముందు కూర్చోవడం.

6. ఒక ప్రతిపాదన, ఒక అభ్యంతరం:

పట్టణంలోకే రైలుమార్గం తీసుకురావాలన్న కోరిక సహజమైనదే. ఈ వ్యాసకర్తకు దానితో ఏకీభావం లేదు. కొత్తమార్గం అంటే తోటల మీదుగా గీత. మామిడిచెట్టు తరాలపాటు కాపునిస్తుంది, నష్టపరిహారం ఒక్కసారి వస్తుంది. పైగా వాటా చెల్లింపుల చరిత్ర పైన చూశాం.

దానికంటే సులువైనది ఒకటున్నది. నూజివీడు–గుడివాడ రోడ్డు, విజయవాడ–ఏలూరు రహదారి కలిసే కూడలి హనుమాన్ జంక్షన్. స్టేషను దాని చెంతనే ఉన్నది. బస్సులు ఇప్పటికే ఆ కూడలి మీదుగా తిరుగుతున్నాయి. ఉదయం, సాయంత్రం రెండువైపులా నడిచే మెమూ బండ్ల వేళలకు నూజివీడు డిపో బస్సు స్టేషను ఆవరణకు వచ్చి నిలిచినట్లయితే, అదే టిక్కెట్టు మీద పట్టణందాకా ప్రయాణం సాగినట్లయితే, హాల్టు లెక్క కూడా మారుతుంది. విజయవాడలో తెగుతున్న టిక్కెట్టు నూజివీడులో తెగడం మొదలవుతుంది. అప్పుడు ఒకటి రెండు పగటి ఎక్స్‌ప్రెస్‌లకు హాల్టు కోరడానికి అంకెల ఆధారం ఉంటుంది.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. రైలు ఆలస్యమైతే బస్సు ఎంతసేపు నిలవాలి? ఆ ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్న నిజమైనది, జవాబు తేలిక కాదు. ఆలస్యభారాన్ని రైల్వే భరించాలంటే అందుకు ఒప్పందం కావాలి. ఒప్పందానికి రెండు పక్షాలు కావాలి. ఏలూరు, కృష్ణా జిల్లాల కలెక్టర్లు, విజయవాడ డివిజన్ అధికారులు, ఆర్టీసీ ప్రాంతీయ అధికారులు ఒకే కాగితం మీద సంతకం పెట్టవలసి వస్తుంది. అటువంటి కాగితానికి ప్రస్తుతం ఏ నియమావళిలోనూ నమూనా లేదు.

మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం'లో నాయకుడు మొగలితుర్రు నుంచి బయలుదేరి, కాలువ ప్రయాణం చేసి, నిడదవోలులో మద్రాసు రైలెక్కుతాడు. రైలెక్కడానికి ముందు జరిగే ప్రయాణం కూడా ప్రయాణంలో భాగమేనని ఆ నవల చదివిన ప్రతివారికీ తెలుసు. దానిని టైంటేబులులో రాసే చోటు మాత్రం ఇంకా ఏర్పడలేదు. హనుమాన్ జంక్షన్ కూడలిలో ఈ సాయంత్రం కూడా పుస్తకాలసంచితో నిలబడిన విద్యార్థులు విజయవాడ బస్సు కోసమే చూస్తుంటారు. పక్కనే ఉన్న స్టేషనులో ఆగకుండా తూర్పుకు పోయే బండి కూత వారికి వినబడుతూనే ఉంటుంది.