జమలో చేరని బియ్యము

హైదరాబాదు నగరమున కాపురముండు మా కేతేపల్లి ఊరివారి ఇండ్లకు పోయినపుడెల్ల వారి జమాఖర్చుల పుస్తకమును తిరుగవేసి చూచుట నాకు అభ్యాసము. విజయవాడ రోడ్డున బస్సు దిగినచోటనే గది వెదకికొని, వనస్థలిపురము, హయత్‌నగరు, ఎల్బీనగరులలో స్థిరపడిన ఈ కుటుంబముల పుస్తకములలో జమ ఒక్క పంక్తియే, జీతము. ఖర్చు మాత్రము పుటలు పుటలు. కిరాయి, పిల్లల ఫీజు, చిట్టీ, గ్యాసు, పాలు, ఆస్పత్రి అన్నియు పైసలతో సహా అందుండును.

అందు కానరాని పద్దు బియ్యము. సోలిపేట కడ 1963లో పూర్తియైన మూసీ ప్రాజెక్టు కాల్వల క్రింద పండించిన వడ్లను గిర్నీలో పట్టించి, సంచుల మూతులు కుట్టి, ఊరనున్న అన్నయో తమ్ముడో బస్సులో వేసి పంపును.

ఈ పద్దు ఏల వ్రాయలేదని అడుగగా, "మన పొలంల పండిన బియ్యానికి లెక్కేందన్నా? మనయి మనమే తింటున్నం గద" అని మా చెల్లెలు నవ్వినది. మాటవరుసకు కిలో 50 రూపాయలైనచో 25 కిలోల సంచికి 1,250 రూపాయలగును. నెలకొక సంచి చొప్పున ఏడాదికి 15,000. ఆ మొత్తమును జమలో నొకసారి, ఖర్చులో నొకసారి వ్రాసినచో నిల్వ పైసయైనను మారదు. కాని జీతముతోనే సంసారము గడచుచున్నదను భ్రమ తొలగును. క్వింటాలు వడ్లకు దిగునది ఇంచుమించు 60 నుండి 65 కిలోల బియ్యము మాత్రమే. ఎరువులు, కోతమిషను కిరాయి, కూలి, గిర్నీ ఖర్చు ఇవన్నియు ఊరివాని పద్దున పడి, తిండి మాత్రము పట్నపువాని పద్దున నుచితమై నిలుచుట ధర్మము కాదు. రేపు పొలము పంచుకొను నాడు పెద్దమనుషుల యెదుట "నీవేమి పెట్టితివి?" అని పట్నపువాడు గర్జించుటకు మూలము ఈ వ్రాయని పద్దే యని నా నిశ్చయము.

ప్రభుత్వము మోయు భారమునకును ఇదే న్యాయము. 2023 డిసెంబరు 9 నుండి ఆడవారికి బస్సులో లభించు జీరో టికెట్టు, 2024 మార్చి నుండి 200 యూనిట్లలోపు కరెంటు వాడుకకు వచ్చు జీరో బిల్లు, 2025 ఉగాది నుండి రేషను కార్డున తలకు 6 కిలోల సన్నబియ్యము, ఇవి ఇంటి జమయే. ఎత్తివేసిన నాడు నెల యెట్లు గడచునో ముందుగా తెలిసికొనుటకైనను వీనికి వెల కట్టి చూచుట మంచిది.

మా చెల్లెలు పుస్తకమున నొక గడి గీచినది. అందులో సంచి పంపినవాని పేరు వ్రాయుటకు మొదట సంకోచించి, పిదప వ్రాసినది. పట్నమున నున్న మన ఊరివారందరును ఈ వానకాలపు పంట బియ్యము గది చేరిన దినముననే ధర కట్టి, పంపినవారి పేరుతో జమ వ్రాసికొందురు గాక.