వృద్ధుల వ్యసనము - సరిపడని కొలబద్ద

వ్యసనమును వ్యాధిగా నిర్ణయించుటకు వైద్యులు వాడు గ్రంథములలో ముఖ్యమైనది అమెరికా మనోవైద్య సంఘము 2013లో ప్రకటించిన నిర్ణయ గ్రంథపు ఐదవ కూర్పు. అందు 11 లక్షణములు కలవు. పన్నెండు నెలలలో రెండైనను కనబడినచో వ్యాధి ఉన్నట్లు లెక్క. 1994 నాటి నాల్గవ కూర్పు దుర్వినియోగము, పరాధీనత అని రెండుగా విడదీసినదానిని ఒకటిగా చేర్చి, తీవ్రతను మెట్లుగా చూపుట దీని సుగుణము. అయితే ఈ కొలబద్ద నందిపేట్ ముసలివారికి సరిపోవునా?

చదువు, ఉద్యోగము, ఇంటి బాధ్యతలు తప్పుట ఒక లక్షణము. పసుపు త్రవ్వకము, ఉడకబెట్టుట కొడుకులకు అప్పగించి అరుగుపై కూర్చున్న డెబ్బది యేండ్ల రైతుకు తప్పుటకు బాధ్యత ఏది? స్నేహములు, వినోదములు వదలుట మరొకటి. ఆ వయసున తోటివారు పోవుదురు, మోకాళ్లు సాగవు. పైగా ముచ్చటకు మిగిలిన చోటు కల్లు దుకాణమే అయినచో, తాగుట వలన గాక మానుట వలననే అతడు స్నేహము కోల్పోవును!

మత్తుకై మోతాదు పెంచవలసివచ్చుట ఇంకొకటి. వార్ధక్యమున దేహములో నీరు తగ్గును. అదే సీసాకు రక్తములో మద్యసారపు సాంద్రత హెచ్చును. మోతాదు పెరగకయే హాని పెరుగును.

2015 సెప్టెంబరులో నిజామాబాదు జిల్లాలో కల్తీ కల్లును అరికట్టగా, అలవాటుపడినవారు పలువురు వణకుచు, మతి తప్పినట్లు ప్రవర్తించుచు ఆసుపత్రులకు చేరిరి. ఇట్టి కల్లులో కలుపునవి ఆల్ప్రజోలం, డయాజిపాం వంటి మందులు. వాటిని హఠాత్తుగా మానినచో మూర్ఛలు రావచ్చును. యువకుడు వణకినచో ఇంటివారు అనుమానింతురు. వృద్ధుడు వణకినచో "వయసు" అని ఊరకుందురు. డయాజిపాం ముసలి దేహమున చిరకాలము నిలుచును; తూలి పడి తుంటి ఎముక విరుగుట అందుచేతనే. "ఏమి తాగితివి?" అని అడిగిన అతడు "కల్లు" అనును. అబద్ధమాడుట లేదు, కలిపినది అతనికి తెలియదు.

1950లో ఎరిక్సన్ జీవితమును ఎనిమిది దశలుగా విభజించి, కడపటి దశలో గడచిన బ్రతుకుపై తృప్తికిని నిరాశకును పెనుగులాట జరుగునని చెప్పెను. ఆ నిరాశను గూర్చి పదకొండింటిలో ఒక్క ప్రశ్నయు లేదు. 1992లో మిషిగన్ విశ్వవిద్యాలయమున వృద్ధులకై కూర్చిన 24 ప్రశ్నల పట్టిక ఒంటరితనమును అడుగును. అది మెరుగే, కాని అది మద్యము నెరుగును గాని కల్లులో దాగిన నిద్రమందు నెరుగదు.

కావున ముసలివారి విషయమున లక్షణములు లెక్కించుటకు ముందు మూడు సంగతులు విచారింపవలెను: ఎన్నిసార్లు పడినాడు? ఒకనాడు కల్లు దొరకనిచో ఏమగును? సాయంకాలము అతనితో మాటలాడువారెవరు?